బొట్టు తీస్తేనే రక్షణ నిలుస్తుందా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది మైదుకూరు దగ్గర పల్లె. మా ఆయన కేసీ కెనాల్ కింద పసుపు, వరి వేస్తాడు. నాకు 29 ఏళ్లు, ఒక పాప. మా అమ్మతో స్థలం విషయంలో గొడవపడి రెండేళ్లు మాట్లాడలేదు. ఆమెకు బాగలేదని కబురొచ్చినా పంతంతో పోలేదు, ఆమె పోయింది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. పక్కింటి ఆంటీ ఇంట్లో కూడికకు పోయినప్పుడు యేసు పాపాలు క్షమిస్తాడన్న మాట విని చాలాసేపు ఏడ్చాను. నమ్మాను. 8 నెలల కిందట కాలవలో బాప్తిస్మం తీసుకున్నాను. ఆ వారమంతా మనసు ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఇప్పుడా హాయి లేదు. బొట్టు, పూలు, నగలు తీసేస్తేనే రక్షణ నిలుస్తుందని సంఘంలో కొందరక్కలు చెబితే బొట్టు తీసేశాను. “నేను బతికుండంగనే ఈ మొగమేందే” అని మా ఆయన రెండు రోజులు అన్నం తినలేదు. శుక్రవారం దీపం పెట్టనన్నానని అత్త ఏడిస్తే ఆమె మీద గట్టిగా అరిచాను. ఆదివారం టైలరింగు క్లాసుకని అబద్ధం చెప్పి ఆరాధనకు పోతున్నాను. బాప్తిస్మం తర్వాత పాపం చేస్తే కృప తీసేస్తారని, 21 రోజులు ఉపవాసముండి పెద్ద కానుక మొక్కుకుంటే మళ్లీ వస్తుందని ఒకామె చెప్పింది. రక్తం తక్కువుందని డాక్టరమ్మ మాత్రలిచ్చింది, అయినా ఉపవాసం మొదలుపెట్టాను. కానుక కోసం కమ్మలు కుదువ పెడదామనుకుంటున్నాను. నేను రక్షణలో ఉన్నానా, లేనా? ఈ ఆదివారం పోవాలా వద్దా? – ఒక చెల్లెలు

సమాధానం:

చెల్లీ, నన్ను అక్కా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం, ముందు రెండు పనులు ఇప్పుడే చెయ్యి. ఉపవాసం ఈ పూటతో ఆపేసి కడుపునిండా తిను, మాత్ర వేసుకో. కమ్మలు చెవులకే ఉండనియ్యి.

రక్షణలో ఉన్నానా లేనా, అంటే దేవుడు నిన్ను క్షమించి తనదానిగా ఉంచుకున్నాడా లేదా అని అడిగావు. దానికి జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. యేసు పాపాలు క్షమిస్తాడన్న మాట విని నమ్మాను అని రాశావు చూడు, అక్కడే ఉంది. ఆ రోజు ఆ ఆంటీ ఇంట్లో చాప మీద కూర్చుని ఏడ్చినప్పుడు నీ నుదుటన బొట్టుంది, తలలో పూలున్నాయి, చెవులకు కమ్మలున్నాయి, నువ్వు ఒక్క రూపాయి కానుక ఇచ్చింది లేదు, ఒక్క పూట ఉపవాసమున్నది లేదు, బైబిల్లో ఒక్క వచనం కూడా సరిగ్గా తెలీదు. దేవుడు నిన్ను అట్లాగే తీసుకున్నాడు. తీసుకునేటప్పుడు అడగని వాటిని, 8 నెలల తర్వాత ఇవి లేకపోతే నువ్వు నాకొద్దు అని అడుగుతాడా? బైబిల్లో ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో అపొస్తలుడు పౌలు రాసిన మాట ఇది: “మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే.” ఆ వెంటనే, ఇది క్రియల వల్ల వచ్చింది కాదు కాబట్టి ఎవరూ గొప్పలు చెప్పుకోవడానికి లేదు అని కూడా రాశాడు. రక్షింపబడియున్నారు అంటే అయిపోయిన సంగతి చెబుతున్నాడు, ఇకముందు బాగుంటే రక్షింపబడతారు అని చెప్పట్లేదు.

నీకొచ్చిన ఈ గొడవ కొత్తదేమీ కాదు. క్రీస్తును నమ్మిన మొదటి తరంలోనే ఇదే పుట్టింది. యూదులు కానివాళ్లు యేసును నమ్మి సంఘంలోకి వస్తుంటే, కొందరు పెద్దమనుషులు వచ్చి, నమ్మితే సరిపోదు, సున్నతి కూడా చేయించుకుంటేనే రక్షణ అన్నారు. క్రీ.శ. 50 ప్రాంతంలో యెరూషలేములో అందరూ కూర్చుని దీని మీద గట్టిగా వాదించుకున్నారు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం తీసి చదువు. యేసు శిష్యుడు పేతురు లేచి, మన పితరులు గానీ మనం గానీ మోయలేకపోయిన కాడిని వీళ్ల మెడ మీద ఎందుకు పెడతారు, మనమూ వాళ్లూ ప్రభువైన యేసు కృప వల్లనే రక్షణ పొందుతాం కదా అన్నాడు. గలతీయ సంఘాల్లో కూడా ఇదే మాట లేస్తే పౌలు కోపంగా ఉత్తరం రాశాడు, ఆత్మతో మొదలుపెట్టి ఇప్పుడు శరీరంతో పూర్తి చేస్తారా, ఇంత అవివేకులా అని. అక్కడ సున్నతి, నీ దగ్గర బొట్టు, ఇంకో చోట ఇంకోటి. యేసుతో పాటు “ఇంకొకటి” కావాలనే మాట ఎవరు చెప్పినా, ఎంత భక్తిగా చెప్పినా, ఎంత ప్రేమగా చెప్పినా ఒప్పుకోవద్దు.

మన ఆడవాళ్లకు తెలిసిన లెక్కలో చెబుతాను. పుస్తెలతాడు కుదువలో ఉంది, వడ్డీ మీద వడ్డీ పెరిగి వేలానికి నోటీసొచ్చింది, నీ దగ్గర కట్టడానికి ఏమీ లేదు. ఒకాయన పోయి అసలూ వడ్డీ మొత్తం కట్టి, తాడు విడిపించి తెచ్చి నీ చేతిలో పెట్టాడు, రసీదు కూడా ఇచ్చాడు. వచ్చే నెల మళ్లీ నువ్వు ఆ ఆఫీసుకు పోయి లైన్లో నిలబడి వడ్డీ కట్టుకోండి సార్ అంటావా? అంటే, ఆ కట్టినాయన కట్టింది చాలలేదు అని నువ్వు అన్నట్టే కదా. ఆ 21 రోజుల ఉపవాసం, ఆ కమ్మల కానుక, రెండూ అదే లైన్లో నిలబడడం.

ఇది మన తలకెక్కడం ఎందుకింత కష్టమో నాకు తెలుసు. మనం పుట్టినప్పట్నుంచీ చూసింది మొక్కులే. పిల్లోడికి జరం తగ్గితే తలనీలాలు, పంట పండితే ముడుపు, పెళ్లి కుదిరితే కాలినడక. ఇస్తాం, పుచ్చుకుంటాం, ఆలస్యమైతే భయపడతాం. ఆ భయం ఒంట్లో ఉన్న మనిషి చర్చిలోకి వచ్చినా దాన్ని గుమ్మం బయట వదిలిపెట్టి రాదు, పేరు మార్చి లోపలికి తెచ్చుకుంటుంది. ముడుపు పోయి కానుక వస్తుంది, దీక్ష పోయి ఉపవాస ప్రార్థన వస్తుంది, లోపల లెక్క మాత్రం అదే. తరతరాలుగా క్రైస్తవులైన ఇళ్లలో కూడా ఈ లెక్క నేను చాలా చూశాను, కాబట్టి నువ్వు కొత్తదానివని సిగ్గుపడనక్కర్లేదు. ఉపవాసం మంచిదే, కానుక మంచిదే. దేవుడి మనసు మార్చడానికి ఇచ్చే లంచంలా చేసినప్పుడే అవి చెడిపోతాయి. సమరయలో సీమోను అనే గారడీవాడు దేవుని వరానికి డబ్బులిస్తానంటే పేతురు ఎంత కఠినంగా మాట్లాడాడో అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఉంది. కొనుక్కోవాలనుకోవడమే అక్కడ తప్పు.

హాయి లేదన్నావు. బాప్తిస్మం తీసుకున్న వారం ఉన్న సంతోషం నిజమైనదే, కానీ మనసు అన్నాక ఎక్కుతుంది, దిగుతుంది. నిద్ర లేక, రక్తం లేక, ఇంట్లో మాటల్లేక ఉన్న మనిషికి హాయి ఎక్కణ్నుంచి వస్తుంది? దాన్ని బట్టి రక్షణ ఉందో లేదో కొలవొద్దు. నీకు ఎట్లా ఉందన్న దాని మీద రక్షణ ఆధారపడదు, యేసు సిలువ మీద చేసిన దాని మీద ఆధారపడుతుంది. ఆయన పక్కన సిలువ మీదున్న దొంగ సంగతి ఆలోచించు, బాప్తిస్మం లేదు, కానుక లేదు, కిందికి దిగి మంచి పని ఒక్కటైనా చేసే వీలు లేదు, నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడంతే. ఈ రోజే నాతో పరదైసులో ఉంటావు అన్నాడు యేసు.

ఇక బాప్తిస్మం తర్వాత పాపం చేస్తే కృప తీసేస్తారన్న మాట. యోహాను మొదటి పత్రిక రాసింది విశ్వాసులకే. అందులో, మనం పాపం లేనివాళ్లమని చెప్పుకుంటే మనల్ని మనమే మోసపుచ్చుకుంటాం అంటాడు, మీరు అనకుండా మనం అంటాడు, ముసలి అపొస్తలుడు తనను కూడా కలుపుకుని. ఆ వెంటనే వచ్చేది నువ్వు కంఠతా పట్టాల్సిన మాట: “మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును.” ఒప్పుకుంటే అన్నాడు. 21 రోజులు పస్తుంటే అనలేదు. పేతురు మూడుసార్లు ఆయనెవరో నాకు తెలియదన్నాడు, అదీ ప్రభువు కష్టంలో ఉన్న రాత్రి. అయినా తిబెరియ సముద్రం ఒడ్డున యేసే నిప్పులు చేసి, చేపలు కాల్చి, రండి భోజనం చేయండి అని పిలిచి తిండి పెట్టాడు, ఆ తర్వాతే నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి మళ్లీ పని అప్పగించాడు.

అయితే నీకు మెత్తగా చెప్పి వదిలేయను. కృప ఉంది కదా అని అబద్ధంలోనే ఉండిపోతే, కృప పెరగడానికి పాపంలో నిలిచి ఉందామా, అట్లనరాదు అని పౌలు రోమా పత్రికలో రాసిన మాట నీకు తగులుతుంది. టైలరింగు క్లాసు అబద్ధం ఆపెయ్యాలి. అత్త మీద అరిచినందుకు ఆమె దగ్గరకు పోయి క్షమించమని అడగాలి. ఇవి చేస్తే రక్షణ తిరిగి వస్తుందని చెప్పట్లేదు, అది పోతే కదా రావడానికి. క్షమాపణ దొరికిన మనిషికి తప్పు ఒప్పుకోవడానికి భయం ఉండదు, అందుకని చెబుతున్నాను. ఇన్నాళ్లూ తప్పు దాచుకున్నావు ఎందుకంటే బయటపడితే ఏమైపోతానో అని. ఇప్పుడు దేవుడి దగ్గర నీ ఖాతాలో దాచుకోవాల్సిందేమీ లేదు, ఇంక మనుషుల దగ్గర ఎందుకు?

అమ్మ సంగతి. నీ ఉత్తరంలో దీని గురించి మూడే వాక్యాలు రాశావు, కానీ మిగతావన్నీ దీన్నుంచే వస్తున్నాయని నాకనిపిస్తోంది. బొట్టు, ఉపవాసం, కమ్మలు, ఎవరేం చెబితే అది చేసేస్తున్నావంటే, అమ్మకు చెయ్యలేనిది ఎక్కడో ఒకచోట తీర్చుకోవాలని. ఆమె లేదు, కాళ్లు పట్టుకుని అడుగుదామంటే దొరకదు, అదే నిన్ను నిద్రపోనివ్వట్లేదు. పౌలు సంగతి ఎప్పుడైనా ఇట్లా చూశావా? యేసును నమ్మిన స్తెఫను అనే ఆయన్ని రాళ్లతో కొట్టి చంపుతుంటే, ఆ కొట్టేవాళ్ల పైబట్టలకు కాపలా ఉన్న కుర్రాడు ఇతనే, ఆ చావుకు ఒప్పుకున్నవాడు. తర్వాత దమస్కు దారిలో యేసు ఎదురై మారాడు. మారిన తర్వాత స్తెఫను దగ్గరకు పోయి తప్పైపోయిందని అడగడానికి స్తెఫను లేడు. ఎన్నో ఏళ్ల తర్వాత యెరూషలేములో జనం ముందు నిలబడినప్పుడు కూడా ఆ సంగతి తన నోటితోనే చెప్పాడు, మర్చిపోలేదు, చిన్నది చెయ్యలేదు. కానీ దానికింద నలిగిపోలేదు కూడా. నేను సంఘాన్ని హింసించినవాణ్ని, అపొస్తలుడనిపించుకోవడానికి తగను అని ఒప్పుకుని, “అయినను నేనేమైయున్నానో అది దేవుని కృపవలననే అయియున్నాను” అన్నాడు. నీకూ అంతే. అమ్మ విషయంలో చేసింది తప్పే, దానికి సాకులు వెతకొద్దు, చిన్నదని నీకు నేనూ చెప్పను. దేవుడికి దాని పేరు పెట్టి చెప్పు, పంతం పట్టాను, కబురొచ్చినా పోలేదు అని అదే మాటతో చెప్పు. క్షమించాడు. క్షమించాక కూడా దుఃఖం ఉంటుంది, ఏడుపొస్తుంది, రానివ్వు, అది శిక్ష కాదు, కూతురి దుఃఖం. ఇంకో మాట, ఆ స్థలం గొడవలో అన్నో తమ్ముడో ఉంటే వాళ్లతో మాట కలుపు. ఆ గజాల కన్నా అది ఎక్కువ. నిద్ర మరీ పట్టకపోతే మాత్రలిచ్చిన ఆ డాక్టరమ్మకే ఈ సంగతి కూడా చెప్పు, అది విశ్వాసం తక్కువై కాదు.

బొట్టు విషయానికి వస్తాను. నేను పెట్టుకోను. మా ఇంట్లో మా జేజి కాలం నుంచీ అదే అలవాటు, మా ఇంట్లో దాని వల్ల ఎవరికీ బాధ లేదు. కానీ నీ ఇంట్లో నేనుంటే పెట్టుకునేదాన్ని. మన ఊళ్లలో పెళ్లయిన ఆడది బొట్టు తీసేసిందంటే ఎవరైనా ఏమనుకుంటారు? మీ ఆయనకు నీ విశ్వాసం మీద కోపం రాలేదు, నువ్వు ఆయన్ని బతికుండగానే చచ్చినవాడిగా లెక్కేశావని కోపమొచ్చింది, ఆయన అన్న మాటలో అదే ఉంది. అన్నం తినకుండా పడుకున్నాడంటే ఎంత నొచ్చుకున్నాడో. ఆ నొప్పి సువార్త వల్ల వచ్చింది కాదు, మనుషుల నియమం వల్ల వచ్చింది. సువార్త కోసం నొప్పి తప్పకపోతే పడదాం, నియమం కోసం ఎందుకు?

బొట్టు, నగలు తీసేయమనేవాళ్లు చూపించే వచనం కూడా చూద్దాం. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, బట్టలు కట్టుకోవడం అనే వెలుపటి అలంకారం మీకు అలంకారంగా ఉండకూడదు అని ఉంది. నగలతో పాటు బట్టలు కూడా అదే వాక్యంలో ఉన్నాయి కదా, బట్టలు మానేయమని ఎవరూ చెప్పరే! అందం ఎక్కడుందో చెబుతున్నాడు ఆయన, సాధువైన, మృదువైన మనసులో ఉందంటున్నాడు. పైగా ఆ అధ్యాయం మొదలైందే నీలాంటి ఆడవాళ్ల గురించి, వాక్యాన్ని ఒప్పుకోని భర్తలున్న భార్యల గురించి. వాళ్లు మాటలు లేకుండానే భార్య నడవడి చూసి దేవుని వైపు వస్తారేమో అని ఉంది. బొట్టు తీసిన ఆ అక్కలను తప్పుపట్టొద్దు, వాళ్ల మనస్సాక్షి వాళ్లది, తీసి ప్రభువు కోసం తీశామనుకుంటే మంచిదే. రోమా పత్రిక 14లో ఇట్లాంటి వాటి గురించే, ఎవరి మనసులో వాళ్లు రూఢి చేసుకోవాలి, ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దు అన్నాడు. నీ మనసు బొట్టు పెట్టుకోవడానికి నిజంగా ఒప్పుకోకపోతే, మీ ఆయనతో కూర్చుని మాట్లాడి, ఆయనకు అర్థమై, ఆయన సరేనన్నాక మాను. దొంగతనంగా మానొద్దు, పంతంగా అసలే మానొద్దు.

దీపం వేరు. ఇక్కడ నేను బొట్టంత తేలిగ్గా చెప్పలేను. పూజ అనేది ఒక్క దేవుడికే అన్నది మన విశ్వాసానికి పునాది, కాబట్టి దీపం పెట్టి దణ్ణం పెట్టుకోవడం నువ్వు మళ్లీ చెయ్యలేవు, చెయ్యమని నేనూ చెప్పను. కానీ చెయ్యలేను అన్న మాట చెప్పే తీరు ఉంటుంది. అత్తకు ఆ దీపమంటే ఏంటో ఆలోచించు. ఆమె కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆమె చేతుల మీదుగా నడిచిన ఇల్లు, తన తర్వాత నువ్వు చేస్తావని పెట్టుకున్న ఆశ. ఒక్క మాటతో నువ్వు ఆరిపేశావనిపించింది ఆమెకు, అందుకే ఏడ్చింది. పోయి దగ్గర కూర్చుని చెప్పు: “అత్తా, నేను అరిచింది తప్పే, నా మీద మనసులో పెట్టుకోవద్దు. దీపం ఒక్కటి నేను పెట్టలేను, మిగతా పనేదైనా చేస్తాను.” చెప్పి నిజంగా చెయ్యి. ఇల్లు కడుగు, ఆమెకు వేడినీళ్లు పెట్టు, పండక్కి ఓళిగలు నువ్వే చెయ్యి, ఆమె కంటే ముందు లే.

బైబిల్లో నయమాను అని సిరియా సైన్యాధిపతి ఉన్నాడు, రాజులు రెండో గ్రంథం ఐదో అధ్యాయంలో. కుష్ఠు బాగై, ఇశ్రాయేలు దేవుడే దేవుడని కొత్తగా తెలుసుకుని ఇంటికి పోతూ ఎలీషా ప్రవక్తను అడిగాడు: మా రాజు రిమ్మోను అనే దేవుడి గుడిలో మొక్కడానికి పోయినప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఈ విషయంలో నన్ను దేవుడు క్షమిస్తాడా అని. నాకు ఈ కథలో ఎలీషా జవాబు చాలా ఇష్టం. ఉద్యోగం మానెయ్ అనలేదు, పర్వాలేదు మొక్కుకో అనీ అనలేదు, మనసు నెమ్మదితో వెళ్లు అన్నాడంతే. కొత్తగా నమ్మిన మనిషి మీద మొదటి రోజే బండ పెట్టలేదు. కాబట్టి మోకాళ్ల నొప్పితో అత్త గుడి మెట్లు ఎక్కలేకపోతే చెయ్యి పట్టుకుని తీసుకుపో, బయట కూర్చో, మళ్లీ చెయ్యి పట్టుకుని తీసుకురా. నీ రక్షణ ఆ మెట్ల మీద జారిపోదు.

ప్రసాదం గురించి నువ్వు అడగలేదు గానీ రేపు వస్తుంది. మన సంఘాల్లో దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. తినకపోతే దేవుడి దగ్గర తక్కువా కాదు, తింటే ఎక్కువా కాదు అని పౌలే రాశాడు, విగ్రహారాధనలో పాలు పంచుకోవద్దనీ రాశాడు. నా మటుకు, పూజలో కూర్చుని తీసుకోను. ఇంట్లో ఎవరైనా ప్రేమగా తెచ్చి పెడితే చేతిలోంచి తోసేయను, నాకొద్దులే పెద్దమ్మా, పాపకివ్వు అని మెల్లగా అంటాను. ప్లేటు పక్కకు నెట్టేసి ముఖం తిప్పుకోవడం మాత్రం ఏ బైబిల్లోనూ లేదు. పాపను కూడా అటూ ఇటూ లాగొద్దు. ఆమె ముందు అత్తను గానీ, ఆమె దేవుళ్లను గానీ ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడొద్దు.

“ఎంతిచ్చినారు నీకు?” అని బంధువుల్లో ఎవరో ఒకరు అడిగే ఉంటారు, లేదంటే అడుగుతారు. ఈ మాట మన సీమలో చాలా పాతది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. 1876–78లో ధాత కరువు వచ్చినప్పుడు ఆకలితో ఎంతోమంది మిషన్ల దగ్గరకు చేరారు, గంజి కోసం మతంలో కలిశారన్న మాట అప్పటినుంచీ నడుస్తోంది. ఆకలిగొన్న మనిషి గంజికి పోవడం తప్పని నేననుకోను, పెట్టినవాళ్లదీ తప్పు కాదు. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో కాన్పులు చేయించుకున్న ఆడవాళ్లు అన్ని మతాల ఇళ్లలోనూ ఉన్నారు, వాళ్లనెవరూ మతం అడిగి మంచం ఇవ్వలేదు. నీకు మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు, పైగా నీ కమ్మలే పోయేట్టున్నాయి! కాబట్టి కోపం తెచ్చుకోకుండా ఉన్నది చెప్పు: మా అమ్మ విషయంలో నా మనసు కాలిపోతుండె, క్షమాపణ దొరికింది, అంతే. వాదన వద్దు, వాళ్ల దేవుళ్ల గురించి వద్దు.

కానుక సంగతి కూడా తేల్చేద్దాం. సణుగుకుంటూ గానీ బలవంతంగా గానీ కాకుండా, మనసులో అనుకున్నంత ఇవ్వాలి, సంతోషంగా ఇచ్చేవాళ్లనే దేవుడు ప్రేమిస్తాడు అని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఉంది. భర్తకు తెలియకుండా, అప్పు చేసి, కుదువ పెట్టి ఇచ్చేది ఆ లెక్కలోకి రాదు. ఇవ్వకపోతే శాపం తగులుతుందని భయపెట్టేవాళ్లకు దూరంగా ఉండు. నీ సంఘం పాస్టర్ గారితో గానీ పాస్టరమ్మతో గానీ ఈ బొట్టు, ఉపవాసం, కానుక సంగతులన్నీ తిన్నగా అడుగు. బహుశా ఆ అక్కలు వాళ్లంతట వాళ్లే చెబుతున్నారేమో, ఆయనకు తెలియకపోవచ్చు కూడా. ఆయన కూడా ఇవే రక్షణకు షరతులని చెబితే, వాక్యం సరిగా చెప్పే ఇంకో సంఘం వెతుక్కో. బెరయ అనే ఊళ్లో ఉన్నవాళ్లు పౌలు చెప్పిందాన్ని కూడా లేఖనాలు తీసి సరిచూసుకున్నారు, అందుకు వాళ్లను బైబిలు మెచ్చుకుంది గానీ తిరుగుబాటు అనలేదు.

చదవడం ఆదికాండం నుంచి వరసగా మొదలుపెట్టకు, లేవీయకాండం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతావు. లూకా సువార్త తీసుకో, రోజుకు సగం అధ్యాయం చాలు, 15వ అధ్యాయం తప్పిపోయిన కొడుకు కథ వచ్చినప్పుడు రెండుసార్లు చదువు. ఆ కొడుకు, నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అని చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాడు, తండ్రి ఆ మాట పూర్తి కానివ్వలేదు. లూకా అయ్యాక ఎఫెసీ, తర్వాత గలతీ. పాత బైబిలు తెలుగు కష్టంగా ఉంటే సులువైన తెలుగులో అనువాదాలు ఉన్నాయి, ఫోన్లో ఉచితంగా వినొచ్చు, పసుపు కొమ్ములు విరుస్తూ కూడా వినొచ్చు. ప్రార్థన చర్చి తెలుగులోనే చెయ్యాలని లేదు. మహోన్నతుడా, మహా ఘనుడా అనేవి రాకపోతే నాయనా అని మొదలుపెట్టి మనం ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పు.

మీ ఆయన చెయ్యి చేసుకున్నాడని నువ్వెక్కడా రాయలేదు, అట్లాంటిది లేదనే అనుకుంటున్నాను. ఉంటే మాత్రం, ఓర్చుకోవడమే సాక్ష్యం అని ఎవరు చెప్పినా వినొద్దు, 181కి ఫోన్ చెయ్యి, నీ పుట్టింటి వాళ్లకు చెప్పు.

ఇక ఈ ఆదివారం. శనివారం రాత్రి పాప నిద్రపోయాక మీ ఆయనకు అన్నం పెట్టి, పక్కన కూర్చుని చెప్పు. టైలరింగు క్లాసు అబద్ధమని, ఇన్ని వారాలు ఆరాధనకే పోయానని, భయపడి చెప్పలేదని, తప్పేనని. బొట్టు విషయంలో ఆయన మనసు నొప్పించినందుకు కూడా క్షమాపణ అడుగు. అప్పుడాయన అరవొచ్చు, అరవనివ్వు, తిరిగి అనొద్దు, బైబిలు వచనాలు చెప్పొద్దు. ఆదివారం రెండు గంటలు పోయి వస్తాను, వంట చేసి పోతాను, నీకు అనుమానం ఉంటే నువ్వే వచ్చి బయట కూర్చుని విను అని అడుగు. సరేనంటే పో. ఈ వారం వద్దంటే గొడవ చెయ్యకుండా ఇంట్లోనే ఉండి, ఆ ఆంటీని మధ్యాహ్నం మీ ఇంటికి పిలిచో, నువ్వే వాళ్లింటికి పోయో కాసేపు కలిసి ప్రార్థన చేసుకోండి, అది కూడా ఆయనకు చెప్పి. వచ్చే వారం మళ్లీ అడుగు. నెల గడిచినా ఒప్పుకోకపోతే నాకు మళ్లీ రాయి, అప్పుడు ఏం చెయ్యాలో ఆలోచిద్దాం. ఈలోపు ఆ మాత్రలు మానొద్దు.